స్టాండ్స్‌లో జాతి తిట్లు: శిక్ష క్లబ్బుకా, తిట్టినవాడికా?

#1 సెకండ్‌స్లిప్ | శనివారం రాత్రి 11:52

ఈ రోజు మ్యాచ్ చూసి వచ్చాను. ఏ మ్యాచో, ఎక్కడో చెప్పను. చెబితే చర్చ మొత్తం ఆ జట్ల మీదికి పోతుంది.

రెండో ఇన్నింగ్స్‌లో ఒక ఫీల్డర్ ఫైన్‌లెగ్‌లో, సరిగ్గా మా స్టాండ్ ముందుకొచ్చి నిలబడ్డాడు. నా వెనక రెండు వరుసల తర్వాత నలుగురు కుర్రాళ్ళున్నారు. మొదట పేరు పెట్టి పిలిచారు. అతను నవ్వి చెయ్యి ఊపాడు. తర్వాత ఒంటి రంగు మీదికి వెళ్ళారు. ఆ తర్వాత కోతి అరుపులు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు, మిగతావాళ్ళు ఫోన్లలో తల దూర్చారు. అతను మళ్ళీ మా వైపు తిరగలేదు. బంతి తన దగ్గర లేకపోయినా అరచేతిని ప్యాంటుకేసి రుద్దుకుంటూ నిలబడ్డాడు, ఓవర్ మొత్తం.

నేను లేచి వెళ్ళి మెట్ల దగ్గరున్న స్టీవర్డ్‌కి, అంటే స్టాండ్‌లో జనాన్ని చూసుకునే సిబ్బందికి, చెప్పాను. "మీకు ఇబ్బందిగా ఉంటే అటు చివర ఖాళీ సీట్లున్నాయి సార్, అక్కడ కూర్చోండి" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను. మ్యాచ్ చివరిదాకా చూశాను కూడా. ఇంటికొచ్చాక సిగ్గేస్తోంది.

అడగాలనుకున్నది ఇదీ. బోర్డు, క్లబ్బు, పోలీసులు, ఎవరైనా సరే, ఇలాంటప్పుడు అసలు ఏం చేస్తే పని జరుగుతుంది? ప్రకటనలూ బ్యానర్లూ కాదు, నిజంగా పనిచేసేవి చెప్పండి.

#2 లాస్ట్‌బాల్‌సిక్స్ | శనివారం రాత్రి 11:59

అన్నా, స్టేడియం అంటే లైబ్రరీ కాదు కదా. అవతలి జట్టుని గేలి చేయడం ఎప్పుడూ ఉన్నదే. ఆటగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అనుకునే మాటలు స్టంప్ మైక్‌లో విన్నావా? రంగు గురించి అనడం తప్పే, కాదనను. కానీ నలుగురు కుర్రాళ్ళు ఊపులో అరిస్తే పోలీసులు, బోర్డు, కేసులు అంటే కొంచెం ఎక్కువైపోతుంది.

#3 పసుపుకార్డు | ఆదివారం ఉదయం 6:40

లాస్ట్‌బాల్ బ్రో, నీ బౌలింగ్ చెత్త అనడం గేలి. అది విని అతను ఇంకో యార్కర్ వేసి నీ నోరు మూయించగలడు. ఒంటి రంగుకి ఏ బంతితో జవాబు చెప్తాడు?

సెకండ్‌స్లిప్ గారి ప్రశ్నకి ఫుట్‌బాల్ వైపు నుంచి చెప్తాను, ఈ రోగం బాగా ముదిరింది అక్కడే కాబట్టి. చాలా ఏళ్ళు అధికారులు చేసిందల్లా జరిమానా. ఆ జరిమానాలు ఎలా ఉండేవో చూడండి. 2012 యూరోపా లీగ్‌లో పోర్టో అభిమానులు మాంచెస్టర్ సిటీ ఆటగాళ్ళు బలోటెల్లి, యాయా టూరేల మీద జాతి తిట్లు అరిచారు. యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ యుయెఫా పోర్టోకి వేసింది 20,000 యూరోలు. ఆ తర్వాతి రౌండ్‌లో సిటీ జట్టు హాఫ్‌టైమ్ అయ్యాక మైదానంలోకి ఒక నిమిషం అటూ ఇటుగా ఆలస్యంగా వచ్చింది. దానికి సిటీకి 30,000 యూరోలు.

అదే ఏడాది యూరో కప్‌లో క్రొయేషియా ఫెడరేషన్‌కి, వాళ్ళ అభిమానులు బలోటెల్లిని అన్నదానికీ బాణసంచాకీ కలిపి, 80,000 యూరోలు. డెన్మార్క్ ఆటగాడు బెంట్నర్ గోల్ కొట్టాక నిక్కరు కిందికి లాగి లోపలి అండర్‌వేర్ మీదున్న బెట్టింగ్ కంపెనీ పేరు చూపించాడు. అతనికి లక్ష యూరోలు, పైగా ఒక మ్యాచ్ నిషేధం.

#4 ఆఫ్‌సైడ్ | ఆదివారం ఉదయం 7:05

స్పాన్సర్ల మనోభావాలు దెబ్బతిన్నాయి మరి. తిట్లు తిన్న ఆటగాడు స్పాన్సర్ కాదు కదా పాపం.

#5 పాతస్కోర్‌బుక్ | ఆదివారం ఉదయం 8:20

క్రికెట్ పెద్దమనుషుల ఆట, మనకి ఇవన్నీ లేవు అనుకునేవాళ్ళ కోసం రెండు సంగతులు.

2007 అక్టోబరు. ఆస్ట్రేలియా జట్టు మన దేశంలో ఆడుతోంది. వడోదర వన్డేలో, ఆ తర్వాత ముంబై వాంఖెడేలో ఆండ్రూ సైమండ్స్‌ని చూసి జనం కోతి అరుపులు అరిచారు, కోతి చేష్టలు చేశారు. ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. అరిచింది మనవాళ్ళే.

2021 జనవరి, సిడ్నీ టెస్టు. బౌండరీ దగ్గర ఉన్న సిరాజ్‌నీ, బుమ్రానీ ప్రేక్షకులు తిట్టారని మూడో రోజు ఆట అయ్యాక మన జట్టు ఫిర్యాదు చేసింది. నాలుగో రోజు మళ్ళీ మొదలైంది. సిరాజ్ ఊరుకోలేదు. కెప్టెన్ రహానేకి చెప్పాడు, రహానే అంపైర్లకి చెప్పాడు, ఆట ఆగింది. పోలీసులు స్టాండ్‌లోకి వచ్చి ఆరుగురిని బయటికి పంపారు. కావాలంటే మ్యాచ్ వదిలేసి వెళ్ళొచ్చని అంపైర్లు అన్నారనీ, తప్పు మనది కానప్పుడు మనమెందుకు వెళ్ళాలని రహానే అన్నాడనీ సిరాజ్ తర్వాత చెప్పాడు. ఆ పర్యటన మొదట్లోనే అతని తండ్రి పోయారు. ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయిన మనిషి అతను.

కొన్ని రోజులకి క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ ముగించింది. మన ఆటగాళ్ళని జాతి పేరుతో తిట్టిన మాట నిజమేనని తేల్చింది. బయటికి పంపిన ఆరుగురు మాత్రం ఆ తిట్లు తిట్టినవాళ్ళు కాదని కూడా తేలింది.

#6 లాస్ట్‌బాల్‌సిక్స్ | ఆదివారం ఉదయం 8:31

అదే కదా నేననేది! ఆరుగురు అమాయకుల్ని ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా బయటికి గెంటారు. అసలువాళ్ళు హాయిగా కూర్చుని మ్యాచ్ చూసుంటారు. కఠినంగా ఉండాలి, కఠినంగా ఉండాలి అంటారు గానీ ఎవడి మీద?

#7 గేట్ నంబర్ 9 | ఆదివారం ఉదయం 10:15

ఇన్నాళ్ళూ ఈ వేదికలో చదివి వెళ్ళిపోయేవాణ్ణే, దీనికి మాత్రం రాయకుండా ఉండలేకపోయాను. నేను నాలుగు సీజన్లు స్టేడియం స్టీవర్డ్‌గా చేశాను. సెకండ్‌స్లిప్ గారికి "సీటు మారండి" అని చెప్పిన కుర్రాడి స్థానంలో నన్ను ఊహించుకోగలను. తప్పు అతనిదే, కానీ మొత్తం అతనిదే కాదు.

ఉదయం గేట్లు తెరవడానికి ముందు మాకు అరగంట బ్రీఫింగ్ ఉండేది. అందులో ఎక్కువ భాగం సీసాలు, బాణసంచా, మైదానంలోకి దూకేవాళ్ళు, తొక్కిసలాట. ఇలాంటి తిట్ల గురించి ఒకే ఒక్క మాట: "సూపర్‌వైజర్‌కి చెప్పండి." సూపర్‌వైజర్ ఎక్కడుంటాడు? మూడు బ్లాకుల అవతల. నాకిచ్చిన మెట్లు వదిలి నేను వెళ్ళకూడదు. రేడియో ఒక్కోసారి నలుగురికి ఒకటి. అందుకని అనుభవం లేని కుర్రాడికి అన్నిటికంటే తేలికైన దారి ఒకటే కనిపిస్తుంది, గొడవని కాకుండా ఫిర్యాదు చేసినవాణ్ణి అక్కడినుంచి తప్పించడం.

ఇక దొరకడం గురించి. కంట్రోల్ రూమ్‌లో కెమెరా తిప్పేవాడికి "ఆ స్టాండ్‌లో ఎవరో తిడుతున్నారు" అని చెబితే ప్రయోజనం లేదు. అక్కడ కొన్ని వేలమంది ఉంటారు. బ్లాకు, వరుస, మెట్ల నుంచి ఎన్నో సీటు, ఏం వేసుకున్నాడు, టైమెంత. ఇవి కావాలి. పైగా మేము వాడిన కెమెరాల్లో బొమ్మే గానీ శబ్దం ఉండేది కాదు. నోరు తెరిచి అరుస్తున్నవాడు కనిపిస్తాడు, ఏం అరిచాడో తెలీదు. పక్కన విన్న మనిషి వచ్చి "ఇతనే, ఈ మాటే" అని చెబితేనే ఆ బొమ్మకి విలువ. సిడ్నీలో ఏం జరిగిందో నాకు లోపలి సంగతులు తెలీవు గానీ, అరుపు వినిపించిన దిక్కుకి పోయి కనిపించినవాళ్ళని లేపితే ఎక్కడైనా అదే గతి పడుతుంది.

కాబట్టి లాస్ట్‌బాల్, నీ ప్రశ్న సరైనదే. దానికి జవాబు మాత్రం వదిలెయ్యడం కాదు, సరిగ్గా పట్టుకోవడం.

#8 సెకండ్‌స్లిప్ | ఆదివారం ఉదయం 10:40

గేట్ నంబర్ 9 గారూ, ఇది నాకు అస్సలు తట్టలేదు. నేను స్టీవర్డ్‌తో అన్నది కూడా "వెనకాల ఎవరో తిడుతున్నారు" అనే.

#9 పసుపుకార్డు | ఆదివారం ఉదయం 11:02

2022లో ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టు గుర్తుందా? మన అభిమానులు ఎరిక్ హోలీస్ స్టాండ్‌లో జాతి తిట్లు తిన్నారు. తిట్టినవాళ్ళని కనీసం పదిసార్లు స్టీవర్డ్‌లకి చూపించామనీ, వెళ్ళి మీ సీట్లలో కూర్చోండి అన్నారనీ ఒకతను ట్విట్టర్‌లో రాశాడు. అది పాకిపోయాకే బోర్డు కదిలింది, పోలీసులు 32 ఏళ్ళ మనిషిని అరెస్టు చేశారు. కొన్ని రోజులకే అదే మైదానంలో టీ20 ఉంటే జనంలో మామూలు బట్టల్లో మనుషుల్ని కూర్చోబెట్టారు, ఎవరు తిడుతున్నారో చూసి చెప్పడానికి. ముందే చేయగలిగిన పనేగా అది!

#10 వాదిప్రతివాది | ఆదివారం మధ్యాహ్నం 12:30

వృత్తిరీత్యా లాయర్ని, అలవాటు కొద్దీ కొంచెం పొడుగవుతుంది, భరించండి.

ఇంగ్లండ్‌లో 1991లో ఫుట్‌బాల్ నేరాల చట్టం చేశారు. మైదానంలో జాతి దూషణతో నినాదాలు చేయడం నేరం అన్నారు. బాగుంది కదా? కానీ నినాదం అంటే ఏమిటో చట్టంలో రాసిన తీరు చూడండి: ఇంకొకరితోనో, కొందరితోనో కలిసి పదేపదే అనాలి. అంటే ఒంటరిగా లేచి అరిచినవాడు ఈ సెక్షన్ కింద దొరకడు! ఎనిమిదేళ్ళు అలాగే నడిచింది. 1999లో సవరించి "ఒంటరిగా గానీ, ఇతరులతో కలిసి గానీ" అని చేర్చారు. చట్టం ఉండటం వేరు, అది పనికొచ్చేలా ఉండటం వేరు.

అక్కడ నిజంగా కాటు వేసేది జరిమానా కాదు, బ్యానింగ్ ఆర్డర్. కోర్టు ఇస్తుంది. మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళు, జైలుశిక్షతో పాటైతే పదేళ్ళ దాకా. మ్యాచ్‌లకి వెళ్ళకూడదు. తమ జట్టు విదేశాల్లో ఆడే రోజుల్లో పాస్‌పోర్టు పోలీసులకి అప్పగించాలి. ఉల్లంఘిస్తే జైలు. 2022 నుంచి ఆన్‌లైన్‌లో ఆటగాళ్ళని జాతి పేరుతో తిట్టినవాళ్ళకీ ఈ ఆర్డర్ ఇవ్వొచ్చు.

స్పెయిన్ సంగతి ఇంకో రకం. 2023 మే 21న వాలెన్సియా మైదానంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ జూనియర్‌ని గోల్‌పోస్టు వెనక కూర్చున్నవాళ్ళు కోతి అన్నారు. అతనే వేలెత్తి ఆ మనిషిని రిఫరీకి చూపించాడు. చివర్లో జరిగిన తోపులాటలో రెడ్‌కార్డు పడింది ఎవరికి? అతనికే. తర్వాత దాన్ని రద్దు చేశారనుకోండి. సరిగ్గా ఏడాది దాటాక, 2024 జూన్‌లో, ముగ్గురికి ఎనిమిది నెలల జైలు, రెండేళ్ళ స్టేడియం నిషేధం పడింది. స్టేడియంలో జాతి తిట్లకి స్పెయిన్‌లో ఎవరికైనా శిక్ష పడటం అదే మొదటిసారి. జైలుకి మాత్రం వెళ్ళలేదు, అక్కడ పాత నేరాలు లేనివాళ్ళకి ఇంత చిన్న శిక్షలు మామూలుగా అమలు చేయరు. ఆ తీర్పు మనిషి గౌరవానికి భంగం కలిగించిన నేరం కింద వచ్చింది. 2025 మేలో, ఇదే వినీసియస్‌ని వల్లడోలిడ్ మైదానంలో తిట్టిన కేసులో ఐదుగురిని ద్వేష నేరం కిందే దోషులన్నారు.

#11 టాస్ ఓడినవాడు | ఆదివారం మధ్యాహ్నం 1:10

డబ్బులు పెట్టి టికెట్ కొన్నాం. నచ్చినట్టు అరిచే హక్కు లేదా? భావప్రకటన స్వేచ్ఛ అంటే ఏమిటి మరి?

#12 వాదిప్రతివాది | ఆదివారం మధ్యాహ్నం 1:18

టికెట్ కొంటే సీటు వస్తుంది సార్, ఆటగాడు రాడు. ఆ టికెట్ వెనక చిన్న అక్షరాల్లో షరతులుంటాయి, ఒక్కసారి చదవండి. వాటిని ఒప్పుకునే లోపలికి వెళ్ళారు. తీసి బయటికి పంపడానికి పోలీసు కేసు కూడా అక్కర్లేదు.

#13 ఎక్స్‌ట్రాకవర్ | ఆదివారం మధ్యాహ్నం 2:45

అందరూ వ్యక్తిని పట్టుకోవాలి అంటున్నారు, మంచిదే. క్లబ్బుల సంగతేంటి? స్టాండ్ మూసేయడం, ఖాళీ స్టేడియంలో ఆడించడం అంటే నాకు మొదట్లో చాలా న్యాయంగా అనిపించేది. 2013లో యుయెఫా నియమం మార్చింది: మొదటిసారికి స్టేడియంలో కొంత భాగం మూత, రెండోసారికి మొత్తం మూత, 50,000 యూరోల జరిమానా. వినీసియస్ గొడవకి స్పెయిన్‌లో వాలెన్సియాకి కూడా ఒక స్టాండ్ ఐదు మ్యాచ్‌లు మూసేయాలన్నారు, అప్పీల్ చేస్తే మూడయ్యాయి, 45,000 యూరోల జరిమానా 27,000కి దిగింది.

కానీ 2021లో ప్రాగ్‌లో జరిగింది చదివాక నా నమ్మకం సడలింది. మొనాకో ఆటగాడు షువామెనీని స్పార్టా ప్రాగ్ అభిమానులు జాతి పేరుతో అవమానించారు. శిక్షగా తర్వాతి మ్యాచ్ ప్రేక్షకులు లేకుండా ఆడాలి. అయితే నియమాల్లో పిల్లల్ని రానివ్వొచ్చు అని ఉంది. స్కాట్లాండ్ క్లబ్బు రేంజర్స్‌తో మ్యాచ్‌కి సుమారు 10,000 మంది బడిపిల్లలు వచ్చారు. రేంజర్స్ తరఫున గ్లెన్ కమారా ఆడుతున్నాడు. కొన్ని నెలల ముందే అదే ఊరికి చెందిన ఇంకో క్లబ్బు ఆటగాడు అతన్ని జాతి పేరుతో తిట్టి పది మ్యాచ్‌ల నిషేధం తిన్నాడు. ఆ కమారాకి బంతి దొరికిన ప్రతిసారీ పిల్లలు ఊళలు వేశారు.

పిల్లల్ని తప్పుపట్టి ఏం లాభం? వాళ్ళకి ఏ పేరు వింటే అరవాలో ఎవరో నేర్పారు. తిట్లకి శిక్షగా స్టేడియం ఖాళీ చేయించి, అందులోకే ఆ తిట్లు విని పెరిగినవాళ్ళని తెచ్చి కూర్చోబెట్టారు.

#14 ఆఫ్‌సైడ్ | ఆదివారం మధ్యాహ్నం 2:51

శిక్ష అనుభవించింది క్లబ్బు కాదు, కమారా.

#15 పసుపుకార్డు | ఆదివారం మధ్యాహ్నం 3:20

ఎక్స్‌ట్రాకవర్ గారూ, అయినా క్లబ్బుని వదలకూడదని నా అభిప్రాయం. క్లబ్బు మీద ఏ బరువూ లేకపోతే గేట్ నంబర్ 9 గారు చెప్పిన ఆ అరగంట బ్రీఫింగ్ ఎప్పటికీ మారదు. స్టీవర్డ్‌లకి శిక్షణ, కెమెరాలు, రేడియోలు ఇవన్నీ ఖర్చు. ఆ ఖర్చు పెట్టడం కంటే జరిమానా కట్టడమే చవక అనిపిస్తే ఏ క్లబ్బైనా జరిమానాయే కడుతుంది. ఫిఫా 2025లో జాతి దూషణకి గరిష్ఠ జరిమానాని 50 లక్షల స్విస్ ఫ్రాంకులకి పెంచింది. గరిష్ఠం సరే, ఎప్పుడైనా ఆ దరిదాపుల్లో వేస్తారా అన్నది చూడాలి.

నేనైతే ఇలా చేస్తాను: తిట్టినవాణ్ణి క్లబ్బే పట్టి ఇస్తే శిక్ష తగ్గించు, దాచిపెడితే పెంచు. వెనకేసుకొచ్చిన క్లబ్బుకీ, వెంటాడి పట్టుకున్న క్లబ్బుకీ ఒకే జరిమానా ఏమిటి?

#16 మోడరేటర్ | ఆదివారం సాయంత్రం 4:00

రెండు పోస్టులు తీసేశాం. తిట్టుని ఉదాహరణగానైనా యథాతథంగా రాయొద్దు. ఏమన్నారో అందరికీ అర్థమవుతూనే ఉంది. చర్చ బాగుంది, కొనసాగించండి.

#17 లాస్ట్‌బాల్‌సిక్స్ | ఆదివారం సాయంత్రం 4:25

సరే, స్టేడియం సంగతి అలా ఉంచండి. ఇప్పుడు తిట్లలో చాలా భాగం ఆన్‌లైన్‌లోనే కదా. అక్కడ పేరూ ఊరూ లేని అకౌంట్లు. అసలు పేరు, గుర్తింపు కార్డు లేకుండా అకౌంట్ ఇవ్వకపోతే సగం రోగం పోతుంది. దీనికి మాత్రం మీరంతా ఒప్పుకోవాలి.

#18 పసుపుకార్డు | ఆదివారం సాయంత్రం 4:50

నేనూ అలాగే అనుకునేవాణ్ణి బ్రో. 2021 జూలై 11న యూరో ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాళ్ళు రాష్‌ఫర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు మిస్ చేశారు, ఆ రాత్రి ముగ్గురి మీదా ఆన్‌లైన్‌లో జాతి తిట్లతో విరుచుకుపడ్డారు. తర్వాత ట్విట్టర్ లెక్క చూసి చెప్పింది: శాశ్వతంగా తీసేసిన అకౌంట్లలో 99 శాతం ఎవరివో గుర్తించగలిగినవే. అంటే ముసుగు వేసుకుని కాదు, మొహం చూపించే తిట్టారు.

అసలు చిక్కు ఇంకోటి. బ్రిటన్ పోలీసులు వచ్చిన ఫిర్యాదుల్లో 207 పోస్టులు నేరమని తేల్చారు. అందులో 34 మాత్రమే ఆ దేశంలోని అకౌంట్లు, 123 విదేశాలవి. విదేశాలవి అక్కడి పోలీసులకి పంపాలి. అక్కడి చట్టంలో అది నేరమో కాదో, ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో ఎవరికి తెలుసు?

#19 పాతస్కోర్‌బుక్ | ఆదివారం సాయంత్రం 6:10

ఒక సంగతి మీద ఎవరూ మాట్లాడలేదు. ఆట ఆపడం.

ఫుట్‌బాల్‌లో మూడు మెట్ల పద్ధతి అంటారు. మొదట ఆట ఆపి మైకులో హెచ్చరిక, మళ్ళీ జరిగితే జట్లని కాసేపు లోపలికి పంపడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. 2019 అక్టోబరులో సోఫియాలో బల్గేరియా, ఇంగ్లండ్ మ్యాచ్ రెండుసార్లు ఆగింది. స్టాండ్స్‌లో నాజీ సెల్యూట్లు, కోతి అరుపులు. మూడో మెట్టు దాకా పోలేదు, ఇంగ్లండ్ 6-0తో గెలిచింది. బల్గేరియా ఫెడరేషన్ అధ్యక్షుడు రాజీనామా చేయాల్సి వచ్చింది.

పద్ధతి కాగితం మీద బాగానే ఉంది. నాకు నచ్చనిదల్లా, అది మొదలవ్వాలంటే చాలాసార్లు తిట్లు తిన్నవాడే వెళ్ళి చెప్పాలి. పోర్చుగల్‌లో 2020 ఫిబ్రవరిలో మరేగా అనే ఆటగాడు భరించలేక మైదానం వదిలి వెళ్ళిపోతుంటే సొంత జట్టువాళ్ళే చేతులు పట్టుకుని ఆపబోయారు. రిఫరీ అతనికి పసుపు కార్డు చూపించాడు. 2013లో కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ బంతిని స్టాండ్‌లోకి తన్ని బయటికి నడిస్తే అతని జట్టు, ఇటలీ క్లబ్బు మిలాన్, మొత్తం అతని వెనకే నడిచింది. అది స్నేహపూర్వక మ్యాచ్. పాయింట్లున్న మ్యాచ్ అయితే అంత తేలికా?

2024 జనవరిలో అదే మిలాన్ గోల్‌కీపర్ మైన్యాన్ ఊదినేలో మైదానం వదిలి వెళ్ళాడు, కొన్ని నిమిషాల తర్వాత తిరిగొచ్చి ఆడాడు. మర్నాడు అతను అన్న మాట మర్చిపోలేను. తిట్టినవాళ్ళనే కాదు, స్టాండ్‌లో ఉండి అన్నీ చూసి, అన్నీ విని మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళని కూడా ఇందులో భాగస్వాములన్నాడు.

#20 సెకండ్‌స్లిప్ | ఆదివారం సాయంత్రం 6:30

ఆ చివరి మాట నా గురించే.

#21 ఎక్స్‌ట్రాకవర్ | ఆదివారం సాయంత్రం 6:52

మీరు లేచి వెళ్ళి స్టీవర్డ్‌కి చెప్పారు కదండీ. కూర్చున్నవాళ్ళ గురించి అతనన్నది.

బోస్టన్ బేస్‌బాల్ సంగతి చెప్తాను. 2017 మే 1న ఫెన్‌వే పార్క్‌లో బాల్టిమోర్ ఆటగాడు ఆడమ్ జోన్స్‌ని జాతి పేరుతో తిట్టారు, వేరుశనగల సంచి విసిరారు. మర్నాడు అతను బ్యాటింగ్‌కి రాగానే స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అందరూ ఇంతవరకే చెప్తారు. అదే రాత్రి, అదే చప్పట్ల మధ్య ఇంకోటి జరిగింది. కెన్యాకి చెందిన ఒకామె జాతీయగీతం పాడింది. ఆమె గురించి ఒక ప్రేక్షకుడు పక్క సీటతనితో జాతి తిట్టు వాడాడు. ఈ పక్క సీటతను తన కొడుకుని తీసుకుని మ్యాచ్‌కి వచ్చాడు. తను సరిగ్గా విన్నాడో లేదో అని "మళ్ళీ చెప్పు" అని అడిగాడు. వాడు మళ్ళీ అదే మాట అన్నాడు. ఇతను లేచి వెళ్ళి సిబ్బందికి చెప్పాడు. వాణ్ణి బయటికి పంపి, బోస్టన్ జట్టు రెడ్‌సాక్స్ జీవితాంతం రావద్దంది.

నాకు నచ్చింది ఆ "మళ్ళీ చెప్పు". గొడవ పెట్టుకోలేదు, తిట్టలేదు. సాక్ష్యం గట్టి చేసుకున్నాడు.

#22 లాస్ట్‌బాల్‌సిక్స్ | ఆదివారం రాత్రి 8:05

ఒకటి ఒప్పుకుంటా. కోతి అరుపుల్ని ఊపు అనడం నాది తప్పు. నిన్న రాత్రి రాసింది మళ్ళీ చదువుకుంటే నాకే బాలేదు.

కానీ జీవితాంతం నిషేధం దగ్గర నాకింకా తిక్కగానే ఉంది. పందొమ్మిదేళ్ళవాడు ఒకసారి తప్పు చేస్తే అరవై ఏళ్ళ దాకా రావద్దా? న్యూజిలాండ్‌లో 2019లో జోఫ్రా ఆర్చర్‌ని తిట్టిన 28 ఏళ్ళ మనిషి దొరికి, ఒప్పుకున్నాడు. రెండేళ్ళు నిషేధించారు. అది నాకు సబబుగా ఉంది. రెండేళ్ళయ్యాక వచ్చి మళ్ళీ చేస్తే అప్పుడు జీవితాంతం.

#23 ఎక్స్‌ట్రాకవర్ | ఆదివారం రాత్రి 8:30

దీనికి నాతో కూడా గొడవలేదు. ఆస్ట్రేలియాలో ఫుటీ (అక్కడి తరహా ఫుట్‌బాల్) ఆటగాడు ఆడమ్ గుడ్స్, అక్కడి ఆదివాసీ. 2013లో ఒక ప్రేక్షకురాలు అతన్ని కోతితో పోలుస్తూ అరిస్తే వేలెత్తి చూపించాడు. చూస్తే ఆమెకి పదమూడేళ్ళు! మర్నాడు అతనే అన్నాడు, తప్పు ఆ పిల్లది కాదు, ఆమెని వేధించకండి అని. అంత మెత్తగా మాట్లాడిన మనిషిని తర్వాత ఏం చేశారో తెలుసా? 2015లో మైదానం మైదానం తిరిగి బంతి అందుకున్నప్పుడల్లా ఊళలు వేశారు. ఇది జాతి గొడవ కాదు, అతని ఆట మాకు నచ్చదంతే అన్నారు. లీగ్ పెద్దలు గట్టిగా మాట్లాడలేదు. ఆ ఏడాదే ఆట మానేశాడు. లీగ్ క్షమాపణ చెప్పింది 2019లో.

పిల్లదాన్ని క్షమించొచ్చు. నాలుగేళ్ళు ఆలస్యంగా నోరు తెరిచిన పెద్దమనుషుల మీద మాత్రం నాకు కోపం పోలేదు.

#24 గేట్ నంబర్ 9 | ఆదివారం రాత్రి 9:10

సెకండ్‌స్లిప్ గారూ, మ్యాచ్ అయిపోయి ఒక రోజేగా అయింది. రికార్డింగ్‌లు కొన్ని రోజులుంచి చెరిపేస్తారు, ఆలస్యం చేయకండి. నిర్వాహకులకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. "బాధ కలిగింది", "ఖండిస్తున్నాను" లాంటివి తగ్గించి వివరాలు రాయండి. మీ టికెట్ ఉందా? మీ సీటు తెలిస్తే వెనక రెండు వరుసలు తెలిసినట్టే. సీటు నంబరుకి టికెట్ ఎవరు కొన్నారో వాళ్ళ దగ్గరుంటుంది. ఆ స్టీవర్డ్ ఏ మెట్ల దగ్గరున్నాడో కూడా రాయండి. అతన్ని శిక్షించమని కాదు, అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదని వాళ్ళకి తెలియాలి.

#25 సెకండ్‌స్లిప్ | ఆదివారం రాత్రి 9:26

టికెట్ ఫోన్‌లోనే ఉంది. బ్లాకు, వరుస, సీటు అన్నీ ఉన్నాయి. నలుగురిలో ఒకడు మెట్ల పక్క సీటు, ఎర్ర టోపీ. మిగతా ముగ్గురూ వాడి ఎడమ పక్కన వరసగా.

#26 గేట్ నంబర్ 9 | ఆదివారం రాత్రి 9:29

చాలా బాగుంది. టైమ్? ఏ ఓవరో గుర్తుందా?

#27 సెకండ్‌స్లిప్ | ఆదివారం రాత్రి 9:41

స్కోరుకార్డు తెరిచి బంతి బంతీ చూశాను. 38వ ఓవర్. మూడో బంతికి లెగ్‌బై ఫోర్ పోయింది, దాని కోసం పరుగెత్తింది అతనే. చెయ్యి ఊపింది అంతకు ముందు, అరుపులు ఆ తర్వాత. ఇది కూడా రాస్తున్నాను.